ఇంజెక్షన్ మారింది, నొప్పి తిరగబెట్టింది: అడాలిముమాబ్ బయోసిమిలర్‌పై ఒక కేస్ స్టడీ

రుమటాలజీ (కీళ్ల జబ్బుల) ఓపీలో ఈమధ్య తరచూ వినే మాట ఒకటుంది: "ఒరిజినల్ వాడినన్నాళ్లూ బాగానే ఉన్నాను మేడమ్, బయోసిమిలర్‌కి మార్చాకే మళ్లీ మొదలైంది." బయోసిమిలర్ అంటే జీవకణాల్లో తయారయ్యే ఒరిజినల్ మందుకు దగ్గరి పోలికతో ఇంకో కంపెనీ చేసిన మందు. పేషెంట్ మాటను భ్రమ అని కొట్టిపారేస్తే అన్యాయం చేసినట్టే. అలాగని వెంటనే మందు మార్చేసినా అన్యాయమే, ఎందుకంటే మన దగ్గర చాలామందికి ఈ తరహా వైద్యం అందుబాటులోకి వచ్చింది బయోసిమిలర్ల వల్లే. కారణం తేలాకే నిర్ణయం తీసుకోవాలి. ఈ కేసులో అది ఎలా తేలిందో వివరంగా రాస్తున్నాను. పేషెంట్ అనుమతి ఉంది. గుర్తుపట్టగలిగే వివరాలు మార్చాను.

పేషెంట్ నేపథ్యం

వయసు 34. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. సొంతూరు కృష్ణా జిల్లా. అమెరికాలో ఉండగా యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నెముక కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు) అని తేలింది. తెల్లవారుజామున నడుము పట్టేసి మెలకువ రావడం, లేచాక గంటసేపు వంగలేకపోవడం, అటూ ఇటూ నడిస్తే సర్దుకోవడం వంటి లక్షణాలతో మొదలైంది. ఈ జబ్బు ఉన్నవారిలో తరచూ కనిపించే జన్యు గుర్తు హెచ్‌ఎల్‌ఏ-బి27 పాజిటివ్. అప్పట్లో సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) లీటరుకు 28 మి.గ్రా. రెండు రకాల నొప్పి మాత్రలు పూర్తి మోతాదులో వాడినా లొంగకపోవడంతో అక్కడి డాక్టర్ అడాలిముమాబ్ మొదలుపెట్టారు. రెండు వారాలకోసారి 40 మి.గ్రా., చర్మం కింద ఇంజెక్షన్. వాడినది హ్యుమిరా, అంటే ఈ మందును మొదట మార్కెట్లోకి తెచ్చిన బ్రాండ్. కొన్ని నెలల్లోనే మామూలు మనిషయ్యారు. వారానికి మూడుసార్లు ఈతకు వెళ్లేవారు.

తర్వాత లేఆఫ్ వచ్చింది. ఉద్యోగంతోపాటు ఇన్సూరెన్స్ పోయింది, వీసా గడువు దగ్గరపడింది, కుటుంబంతో సహా ఇంటికి వచ్చేశారు. వచ్చిన వారంలోనే తండ్రిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. చేతిలో ఐస్ ప్యాక్ పెట్టిన చిన్న సంచి, అందులో నాలుగు పెన్నులు. అంటే రెండు నెలల మందు.

ఆ రోజు బాస్‌డాయ్ స్కోరు 1.8. అలసట, నడుము నొప్పి, కీళ్ల నొప్పి, ఉదయపు బిగుసు లాంటి ఆరు ప్రశ్నలకు పేషెంట్ ఇచ్చే జవాబుల నుంచి పదికి లెక్కగట్టే స్కోరు ఇది. 4 దాటితే వ్యాధి చురుగ్గా ఉందని అర్థం. సీఆర్‌పీ 3. మోడిఫైడ్ షోబర్ పరీక్షలో నడుము వంపు 4.8 సెం.మీ. చెస్ట్ ఎక్స్‌రే తీయించాం, టీబీ కోసం ఇగ్రా అనే రక్తపరీక్ష, హెపటైటిస్ బి పరీక్షలు చేయించాం. అమెరికాలో ఇవన్నీ చేశారన్నది నిజమే, కానీ అడాలిముమాబ్ అడ్డుకునే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ వాపును రేపడమే కాదు, టీబీ క్రిమిని కట్టడి చేసే పనిలో కూడా ఉంటుంది. మన దేశంలో టీబీ సోకే అవకాశం ఎక్కువ కాబట్టి ఇక్కడికి వచ్చాక మళ్లీ చూడాల్సిందే. మూడూ నెగెటివ్.

"ఇది డూప్లికేటా?"

పెన్నులు అయిపోయాక ఇక్కడ దొరికే బయోసిమిలర్‌కి మారదామని చెప్పాను. తండ్రి వెంటనే అడిగారు: "అంటే డూప్లికేటా మేడమ్? జెనరిక్ షాపులో ఇచ్చే మాత్రల్లాంటిదా?" కొడుకు ప్రశ్న వేరు: "నెట్‌లో టోఫాసిటినిబ్ మాత్రలు చవగ్గా కనిపిస్తున్నాయి, అవి వాడకూడదా?"

రెండు ప్రశ్నలూ సరైనవే, జవాబులు కలిసే ఉంటాయి. ఆస్పిరిన్ అణువులో ఉండేవి 21 పరమాణువులు. దాన్ని రసాయనాలతో తయారుచేస్తారు. ఎవరు చేసినా అణువు అచ్చంగా అదే. అందుకే జెనరిక్ మాత్రకు పెద్ద ట్రయల్ అక్కర్లేదు. ఒరిజినల్‌తో పోలిస్తే రక్తంలోకి చేరే మోతాదు 80 నుంచి 125 శాతం పరిధిలో ఉందని గణాంకపరంగా రుజువు చేస్తే చాలు. టోఫాసిటినిబ్ కూడా ఈ కోవలోదే, చిన్న రసాయన అణువు. కాబట్టి దానికి నిజమైన జెనరిక్‌లు ఉంటాయి.

అడాలిముమాబ్ సుమారు 1330 అమైనో ఆమ్లాలున్న ప్రోటీన్, అంటే యాంటీబాడీ. బరువు దాదాపు 1,48,000 డాల్టన్లు. ఆస్పిరిన్ బరువు 180. చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ కణాల్లోకి జన్యువును పంపి, ఆ కణాలను పెద్ద ట్యాంకుల్లో పెంచి, అవి ఉత్పత్తి చేసిన యాంటీబాడీని వడగట్టి శుద్ధి చేస్తారు. అమైనో ఆమ్లాల వరుస ఒకటే అయినా, కణాలు దానికి తగిలించే చక్కెర గొలుసులు బ్యాచ్ బ్యాచ్‌కీ కొద్దిగా మారుతుంటాయి. ఈ తేడా ఒరిజినల్ కంపెనీ బ్యాచ్‌ల మధ్య కూడా ఉంటుంది. అందువల్ల ఇంకో కంపెనీ తయారుచేసిన దాన్ని "అదే" అనకుండా "సిమిలర్" అంటారు. మన ప్రభుత్వ మార్గదర్శకాల్లో వాడే మాట "సిమిలర్ బయోలాజిక్" (బయోలాజిక్ అంటే ఇలా జీవకణాల్లో తయారయ్యే మందు).

ఈ పేరు వినగానే నాణ్యత తక్కువనే అనుమానం వస్తుంది. నిజానికి బయోసిమిలర్ మీద జరిగే పరీక్షలు జెనరిక్ మీద జరిగేవాటి కంటే చాలా ఎక్కువ. ముందు అణువు నిర్మాణాన్ని, చక్కెర గొలుసులను, కణాల మీద చూపే ప్రభావాన్ని ఒరిజినల్‌తో పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఆ తర్వాత మనుషుల్లో రక్తంలో మందు మోతాదు, పనితీరు, మందుకు వ్యతిరేకంగా తయారయ్యే యాంటీబాడీలు చూస్తారు. మన దేశంలో డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం), సీడీఎస్‌సీఓ (మందులకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) కలిసి 2012లో మార్గదర్శకాలు తెచ్చి 2016లో సవరించాయి. అనుమతి వచ్చాక కూడా పేషెంట్లను గమనిస్తూ నాలుగో దశ అధ్యయనం చేయాలి.

ఒక వ్యాధిలో ట్రయల్ చేసి, మిగతా వ్యాధులకు కూడా అనుమతి ఇవ్వడం చాలామంది డాక్టర్లకే మింగుడుపడదు. ఉదాహరణకు అడాలిముమాబ్ ట్రయల్ రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లోనో సోరియాసిస్‌లోనో జరిగి ఉంటుంది, మనం వెన్నెముక వ్యాధికి వాడతాం. అణువు అదేనని, అది అడ్డుకునేది టీఎన్‌ఎఫ్‌నే అని తేలిన తర్వాత ప్రతి వ్యాధిలోనూ ట్రయల్ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ట్రయల్ ఉద్దేశం అడాలిముమాబ్ పనిచేస్తుందా అని తేల్చడం కాదు, అది ఒరిజినల్‌తో ఎప్పుడో తేలింది. రెండింటి మధ్య తేడా బయటపడుతుందేమో చూడటమే ఇక్కడి పని.

ఇక ఈ రంగంలో మన తెలుగు నేలకు సొంత చరిత్ర ఉంది. హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వ్యాక్-బి అనే హెపటైటిస్ బి రీకాంబినెంట్ టీకా తెచ్చింది. డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు విడుదల చేసింది. అడాలిముమాబ్ విషయానికొస్తే, ప్రపంచంలో దాని మొదటి బయోసిమిలర్ 2014 డిసెంబరులో మన దేశంలోనే జైడస్ నుంచి వచ్చింది. ఇంజెక్షన్ ధర దాదాపు 200 డాలర్లుగా పెట్టారు. అదే సమయంలో అమెరికాలో హ్యుమిరా ధర సుమారు 1000 డాలర్లు. అమెరికాలో మొదటి అడాలిముమాబ్ బయోసిమిలర్‌కి 2016లోనే అనుమతి వచ్చినా, పేటెంట్ల వల్ల షాపుల్లోకి రావడానికి 2023 జనవరి దాకా పట్టింది. మన పేషెంట్ అక్కడ ఉండగా బయోసిమిలర్ అనే మాట పెద్దగా వినకపోవడానికి కారణం ఇదే.

టోఫాసిటినిబ్ వద్దని చెప్పాను. ఇంజెక్షన్ బాధ లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు, నిజమే. కానీ గుండె జబ్బు రిస్క్ ఉన్న 50 ఏళ్లు పైబడినవారిలో చేసిన అధ్యయనంలో గుండెపోట్లు, క్యాన్సర్లు టీఎన్‌ఎఫ్ మందుల కంటే ఎక్కువగా కనిపించడంతో అమెరికా ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరికను తీవ్రం చేసింది. ఈయన వయసుకు ఆ రిస్క్ తక్కువే అనుకున్నా, చక్కగా పనిచేస్తున్న మందును వదిలి వేరే దారిలో పనిచేసే మందుకు వెళ్లడం చాలా పెద్ద మార్పు. బయోసిమిలర్‌కి వెళ్లడం అంటే అదే వైద్యం కొనసాగించడం.

రెండో రాక

మూడు బయోసిమిలర్ డోసులు పడ్డాక తిరిగి వచ్చారు. కూర్చోగానే చెప్పిన మాట: "ఇది పనిచేయట్లేదు మేడమ్. వేసుకుంటుంటేనే భగ్గుమంటోంది. అమెరికాది వేసుకున్నట్టే తెలిసేది కాదు. నడుము మళ్లీ పాతలాగే అయింది." బాస్‌డాయ్ 4.9. ముఖంలో టెన్షన్ స్పష్టంగా కనిపిస్తోంది.

స్కోరు 1.8 నుంచి 4.9కి పోవడం చిన్న విషయం కాదు. నా ముందు నాలుగు అవకాశాలున్నాయి. వ్యాధి నిజంగానే తిరగబెట్టి ఉండాలి. లేదా మందు రవాణాలోనో ఇంట్లోనో పాడై ఉండాలి. లేదా శరీరం మందుకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసి ఉండాలి. ఇవేవీ కాకపోతే నొప్పి ఇంకోచోటి నుంచి వస్తూ ఉండాలి.

నొప్పి గురించి అడిగినప్పుడే తేడా తెలిసింది. ఉదయం బిగుసు పది, పదిహేను నిమిషాలకు మించడం లేదు. నొప్పి సాయంత్రానికి పెరుగుతోంది, పడుకుంటే తగ్గుతోంది. ఈ జబ్బు నొప్పి దీనికి పూర్తిగా వ్యతిరేకం, విశ్రాంతిలో పెరిగి కదలికతో తగ్గుతుంది. షోబర్ 4.7, అంటే మారలేదు. తుంటి కీళ్ల దగ్గర నొక్కితే నొప్పి లేదు, వెన్ను పక్క కండరాలు మాత్రం గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. సీఆర్‌పీ 4, వాపును చూపే ఇంకో పరీక్ష ఈఎస్‌ఆర్ 12. ఈ జబ్బులో సీఆర్‌పీ మామూలుగా ఉన్నంత మాత్రాన వ్యాధి లేదని చెప్పలేం, చాలామందిలో అది మొదటి నుంచీ పెరగదు. కానీ ఈయనకు వ్యాధి చురుగ్గా ఉన్నప్పుడు 28 ఉంది. అందుకని ఈయన విషయంలో 4 అనే అంకెకు విలువ ఉంది. సాక్రోఇలియాక్ (వెన్నెముక అడుగుభాగం కటి ఎముకతో కలిసే) కీళ్ల ఎమ్మారై తీయించాం. పాత మచ్చలున్నాయి, కొత్తగా ఎముకలో వాపు లేదు.

తర్వాతి డోసుకు ముందు, అంటే మందు మోతాదు అతి తక్కువగా ఉండే రోజున రక్తం తీసి అడాలిముమాబ్ స్థాయికి, యాంటీబాడీలకు పంపాం. ఈ పరీక్ష అన్ని ఊళ్లలో దొరకదు, ఖర్చు కూడా ఎక్కువే. అందరికీ రాయను. ఇక్కడ మందు మార్చాలా వద్దా అన్న నిర్ణయం దానిమీదే ఆధారపడి ఉంది కాబట్టి రాశాను. మందు స్థాయి తగినంత ఉంది. యాంటీబాడీలు లేవు.

బల్ల మీద మూడు అట్టపెట్టెలు

వచ్చేటప్పుడు వాడేసిన పెట్టెలన్నీ తెమ్మని ముందే చెప్పి ఉంచాను. బల్ల మీద పరిచి చూస్తే రెండు పెట్టెలు ఒక కంపెనీవి, మూడోది ఇంకో కంపెనీది. ఆయనకు ఆ సంగతి తెలియదు. మొదటి బ్రాండ్ స్టాక్ లేదని మెడికల్ షాపులో "ఇదీ అడాలిముమాబే" అని చేతిలో పెట్టారు. జ్వరం మాత్ర విషయంలో అలా ఇస్తే ఇబ్బంది లేదు. బయోలాజిక్ విషయంలో డాక్టర్‌కి చెప్పకుండా బ్రాండ్ మార్చకూడదు. ఒక బయోసిమిలర్ నుంచి ఇంకో బయోసిమిలర్‌కి మారితే ప్రమాదమని ఇప్పటిదాకా వచ్చిన పరిశీలనలు చెప్పడం లేదు. కానీ రేపు ఏదైనా రియాక్షన్ వస్తే ఏ బ్రాండ్, ఏ బ్యాచ్ అన్నది తెలియకపోతే ఎవర్ని అడగాలి? ఆ రోజు నుంచి ప్రిస్క్రిప్షన్‌లో మందు పేరుతోపాటు బ్రాండ్ రాసి, బ్యాచ్ నంబర్ స్టిక్కర్‌ను కేస్ షీట్‌లో అంటించే అలవాటు మా క్లినిక్‌లో గట్టిగా అమలు చేస్తున్నాం.

పెట్టెలోని కాగితం విప్పి చూస్తే మంటకు కారణం దొరికింది. ఈ రెండు ఉత్పత్తుల్లోనూ సిట్రేట్ బఫర్ (ద్రవం ఆమ్లత్వం మారకుండా కలిపే పదార్థం) ఉంది. అమెరికాలో ఆయన వాడిన పెన్ను సిట్రేట్ లేని రకం. సిట్రేట్ ఉన్న ద్రవం లోపలికి వెళ్తున్నప్పుడు మండుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పొడిస్తే ఇంకా మండుతుంది. హ్యుమిరా పాత రకంలోనూ సిట్రేట్ ఉండేది, అప్పటి పేషెంట్లూ ఇదే ఫిర్యాదు చేసేవారు. మంటకూ మందు పనితీరుకూ సంబంధం లేదు. కానీ పేషెంట్ మనసులో ఆ మంటే మొదటి సాక్ష్యమైంది: "ఇది నాసిరకం."

ఫ్రిజ్ సంగతి కూడా విచారించాం. అమ్మగారు పెట్టెను ఫ్రిజ్ తలుపు అరలో పాల ప్యాకెట్ల పక్కన పెట్టారు. చిన్న థర్మామీటర్ పెట్టి ఫొటో పంపమన్నాను. తలుపులో 11 డిగ్రీలు, మధ్య అరలో 5. ఈ మందు ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. మధ్య అరకు మార్చమన్నాను, ఫ్రీజర్‌కి ఆనించి పెట్టవద్దని కూడా చెప్పాను. ఒకసారి గడ్డకట్టిన ప్రోటీన్ కరిగాక మామూలుగానే కనిపించినా వాడకూడదు, పారేయాల్సిందే. అయితే రక్తంలో మందు స్థాయి బాగానే ఉంది కాబట్టి ఈ నొప్పికి ఫ్రిజ్ కారణం కాదు.

అప్పుడు తండ్రి ఒక మాట అన్నారు: "వచ్చిన పది పదిహేను రోజుల నుంచే వీడు నడుము పట్టుకుని లేస్తున్నాడండీ." కొడుకు కాదన్నారు. ఫోన్‌లో అడుగుల లెక్క తీయమన్నాను. అమెరికాలో ఉండగా రోజుకు సగటున తొమ్మిది వేలు. ఇక్కడికి వచ్చిన మొదటి వారం ఆరు వేలు. రెండో నెలకు రెండు వేలు. ఆ రెండో నెల అంతా ఆయన వేసుకున్నది అమెరికా నుంచి తెచ్చుకున్న పెన్నులే. ఈత ఆగిపోయింది. రాత్రిళ్లు అక్కడి కంపెనీల ఇంటర్వ్యూలు, మంచం మీద ల్యాప్‌టాప్, పగలు నిద్ర. ఇంజెక్షన్ మారడానికి ముందే నడుము బిగుసుకోవడం మొదలైంది, ఇంజెక్షన్ మారాక దానికో పేరు దొరికింది. ఫోన్‌ను ఆయన చాలాసేపు చూశారు. "అయితే మందు తప్పు కాదా?" అని అడిగారు. ఇప్పటిదాకా దొరికిన ఆధారాల ప్రకారం కాదని చెప్పాను.

నొప్పి నిజమే, కారణం వేరు

ఇక్కడ డాక్టర్లు జాగ్రత్తగా ఉండాలి. "అంతా మీ ఊహే" అంటే పేషెంట్ ఇంకెప్పుడూ నిజం చెప్పరు. ఆయన నొప్పి నిజం. దానికి తోడు, కొత్త మందు మీద అనుమానం ఉన్నప్పుడు ప్రతి చిన్న నొప్పీ పెద్దదిగా తెలుస్తుంది. దీన్నే నోసీబో అంటారు. నార్వే ప్రభుత్వ ఖర్చుతో జరిగిన నార్-స్విచ్ ట్రయల్‌లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ (ఇదీ టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందే) వాడుతున్న 482 మందిని రెండుగా చేశారు. కొందరు ఒరిజినల్‌లోనే ఉన్నారు, మిగతావారు బయోసిమిలర్‌కి మారారు. ఎవరికి ఏది ఇస్తున్నారో పేషెంట్‌కీ డాక్టర్‌కీ తెలియదు. ఏడాదికి వ్యాధి ముదిరినవారు ఒరిజినల్ వైపు 26 శాతం, బయోసిమిలర్ వైపు 30 శాతం. ముందే నిర్ణయించుకున్న 15 శాతం హద్దులోనే తేడా ఉంది. ఒరిజినల్ వదలనివారిలో కూడా నాలుగోవంతు మందికి వ్యాధి ముదిరిందన్నది గమనించాలి. నెదర్లాండ్స్‌లో జరిగిన బయో-స్విచ్ అధ్యయనంలో మందు మారిందని పేషెంట్లకు తెలుసు. మారిన 192 మందిలో 24 శాతం ఆరు నెలల్లో మానేశారు. ఎక్కువమంది చెప్పిన కారణాలు నొప్పి, బాగోలేదన్న భావన లాంటివే, కొలిచి చూపగలిగేవి కావు.

దీనర్థం బయోసిమిలర్ వాడేవారికి మందు ఎప్పుడూ విఫలం కాదని కాదు. నా దగ్గరే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న ఒకావిడకు అడాలిముమాబ్ బయోసిమిలర్ ఏడాది పనిచేసి ఆగిపోయింది. చేతి కీళ్లు వాచాయి, సీఆర్‌పీ పెరిగింది, రక్తంలో మందు దాదాపు లేదు, యాంటీబాడీలు మెండుగా ఉన్నాయి. అంతకుముందు కొన్ని నెలలుగా కడుపులో తిప్పుతోందని, దీనితోపాటు వాడే మెథోట్రెక్సేట్ అనే కీళ్లవాతం మాత్ర మానేశారు. ఆ మాత్ర యాంటీబాడీలు రాకుండా కొంత అడ్డుపడుతుంది. ఆవిడ కొడుకు "ఎంతైనా పర్లేదు, ఒరిజినల్ రాయండి" అన్నారు. రాయలేదు. ఒరిజినల్‌కి వ్యతిరేకంగా తయారయ్యే యాంటీబాడీలు బయోసిమిలర్‌ని పట్టుకుంటాయి, బయోసిమిలర్‌కి వ్యతిరేకంగా వచ్చినవి ఒరిజినల్‌నీ పట్టుకుంటాయి. అంత డబ్బు పోసి కొన్నా అదే గతి. వేరే రకం మందుకు మార్చాం, తగ్గింది. నెదర్లాండ్స్‌లోనే, ఒరిజినల్ అడాలిముమాబ్ వాడిన 272 మంది రుమటాయిడ్ పేషెంట్లను మూడేళ్లు గమనిస్తే 28 శాతం మందిలో ఈ యాంటీబాడీలు కనిపించాయి. అడాలిముమాబ్‌కే ఈ గుణం ఉంది, బ్రాండ్ ఏదైనా.

బ్రాండ్ పేరు ఒక్కటే రక్షణ ఇవ్వదనడానికి ఎప్రెక్స్ ఉదంతం చాలు. కిడ్నీ పేషెంట్లకు రక్తహీనతకు ఇచ్చే ఎరిత్రోపొయెటిన్ (ఎర్ర రక్తకణాలు తయారయ్యేలా చేసే హార్మోన్) అది, ఒరిజినల్ కంపెనీదే. 1998లో దాని ద్రవంలోంచి హ్యూమన్ సీరం ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తీసేసి పాలిసార్బేట్ 80 అనే రసాయనం పెట్టారు. ఆ తర్వాత కొందరిలో శరీరం తన సొంత ఎరిత్రోపొయెటిన్‌కే వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసుకుని, ఎర్ర రక్తకణాల ఉత్పత్తి పూర్తిగా ఆగిపోయింది. కాబట్టి ఒరిజినల్‌నైనా బయోసిమిలర్‌నైనా ఒకే శ్రద్ధతో గమనించాలి.

వైద్యం, ఆ తర్వాత

అదే బయోసిమిలర్ కొనసాగించాం. మొదటి బ్రాండ్‌నే వాడాలని షాపుకు కూడా ఫోన్ చేసి చెప్పాం. ఇంజెక్షన్‌ను అరగంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి గది ఉష్ణోగ్రతకు వచ్చాక, నెమ్మదిగా వేసుకోమన్నాను. వేడినీళ్లలో పెట్టడం, ఎండలో ఉంచడం చేయకూడదు. తొడ మీద ఒకసారి, పొట్ట మీద ఒకసారి చోటు మార్చమన్నాను. మంట పూర్తిగా పోలేదు, కానీ భరించగలిగేంత తగ్గింది.

అసలు వైద్యం ఫిజియోథెరపీ. వెన్ను నిటారుగా చేసే వ్యాయామాలు, ఊపిరి బాగా పీల్చే వ్యాయామాలు, రోజూ కాలవగట్టు మీద నడక. ల్యాప్‌టాప్ మంచం మీది నుంచి బల్ల మీదికి వచ్చింది. నొప్పి మాత్ర రెండు వారాలు మాత్రమే ఇచ్చాను. నిద్ర వేళలు మాత్రం సరిచేయలేకపోయాం, ఇంటర్వ్యూలు ఆగలేదు మరి.

మూడు నెలలకు బాస్‌డాయ్ 2.4, సీఆర్‌పీ 3. అడుగులు ఏడు వేలకు వచ్చాయి. పొద్దుపోయేదాకా కూర్చున్న రోజున నడుము పట్టేస్తోందని ఇప్పటికీ అంటారు. అది జబ్బు నొప్పి కాదని ఇప్పుడు తనే పోల్చుకోగలుగుతున్నారు.

ఈమధ్యే బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. కంపెనీ ఇన్సూరెన్స్ ఉందట, "ఇప్పుడు ఒరిజినల్‌కి వెళ్లనా మేడమ్?" అని అడిగారు. బాగా పనిచేస్తున్న మందును మార్చడానికి వైద్యపరంగా కారణం కనిపించడం లేదన్నాను. మార్చినా నష్టం లేదు, లాభమూ లేదు. ఉద్యోగం మళ్లీ పోతే సొంత ఖర్చుతో కొనగలిగేది ఏదో ఆలోచించుకోమన్నాను. బయోసిమిలర్‌లోనే ఉంటానన్నారు. అక్కడి రుమటాలజిస్ట్‌కి ఉత్తరం రాసిచ్చాను: బ్రాండ్ పేరు, ఇప్పటిదాకా వాడిన బ్యాచ్ నంబర్లు, మధ్యలో ఒక్క డోసు వేరే కంపెనీది పడిన తేదీ, మందు స్థాయి రిపోర్టు, ఇగ్రా నెగెటివ్ అని వచ్చిన తేదీ. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే తర్వాతి ఇంజెక్షన్ ఆపేసి ముందు డాక్టర్‌ని కలవాలని ఉత్తరం అడుగున ఆయన కోసం తెలుగులో రాశాను.